పాళెం వెలుపల



పాపం అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది లెక్క. ఎవరు ఎన్ని తప్పులు చేశారు, ఏ తప్పుకు ఎంత శిక్ష. పైన ఎక్కడో ఒక చిట్టా ఉంటుంది, అందులో పద్దులు పడుతుంటాయి. క్రైస్తవ కుటుంబాల్లో పుట్టి పెరిగినవాళ్లు కూడా ఎక్కువమంది ఇలాగే అనుకుంటారు. పది ఆజ్ఞలున్నాయి, ఒకటి మీరితే ఒక పాపం, రెండు మీరితే రెండు. ఈ లెక్క తప్పని నేను అనను. బైబిల్లో ఆజ్ఞలున్నాయి, తీర్పు ఉంది, శిక్ష కూడా ఉంది. అయితే ఆ గ్రంథాన్ని మొదటినుంచీ చదువుతూ వస్తే లెక్క కంటే ముందు ఇంకొకటి కనిపిస్తుంది. అది దూరం. పాపం చేసిన మనిషి దేవుడికి దూరమయ్యాడు. ఆ దూరం పోవడాన్నే క్రైస్తవం స్వస్థత అంటుంది. ఈ పదిహేను నిమిషాల్లో నేను చెప్పదలచింది ఈ ఒక్క మాటే. పాపమంటే ఎడబాటు. స్వస్థత అంటే మళ్లీ కలవడం. మీరు క్రైస్తవులైనా కాకపోయినా, ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో నాతోపాటు చూడండి.

ఆదికాండం మూడో అధ్యాయం చాలామందికి తెలిసిన కథ. తోట, చెట్టు, పాము, పండు. తినవద్దన్న పండు తిన్నారు. తిన్న వెంటనే ఏం జరిగింది? పిడుగు పడలేదు. భూమి బద్దలు కాలేదు. దేవుడు ఇంకా అక్కడికి రానే లేదు. వాళ్లిద్దరే అంజూరపు ఆకులు కుట్టి కట్టుకున్నారు. చల్లపూట దేవుడు తోటలో నడుస్తున్న చప్పుడు వినపడగానే చెట్ల మధ్య దాక్కున్నారు. ఎక్కడున్నావని దేవుడు ఆదామును అడిగాడు. శిక్ష మాట ఆ తర్వాతే వస్తుంది. ఈ వరుస గమనించండి. దేవుడు వెళ్లగొట్టక ముందే మనిషి తనంతట తాను తప్పుకున్నాడు. ఇంకా చూడండి. తిన్నావా అని అడిగితే ఆదాము భార్యను చూపించాడు. భార్య పామును చూపించింది. అంతవరకూ ఒక్కటిగా ఉన్న జంట ఆ ఒక్క ప్రశ్నతో ఇద్దరైపోయారు. తర్వాతి అధ్యాయంలో వాళ్ల కొడుకుల్లో అన్న తమ్ముణ్ణి పొలంలో చంపాడు, దేశదిమ్మరి అయ్యాడు. దేవుడి దగ్గర మొదలైన ఎడం ఆలుమగల మధ్యకు వచ్చింది. అక్కణ్ణించి అన్నదమ్ముల మధ్యకు వచ్చింది. ఆఖరికి మనిషికీ అతను దున్నుకునే నేలకూ కూడా పొసగకుండా పోయింది. ఈ కథలో పాపానికి నిర్వచనం ఎక్కడా లేదు. ఎవరు ఎవరికి దూరమయ్యారో చూపించి ఊరుకుంటుంది.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. దేవుడు అంతటా ఉన్నాడంటారు గదా, అంతటా ఉన్నవాడికి దూరం కావడం ఎలా? న్యాయమైన ప్రశ్నే. బైబిల్లో 139వ కీర్తన కూడా ఆకాశంలోనైనా పాతాళంలోనైనా ఆయన నుంచి తప్పించుకోలేమనే చెబుతుంది. జవాబు మళ్లీ ఆ తోటలోనే దొరుకుతుంది. తోట విడిచి దేవుడు వెళ్లిపోలేదు. వెతుక్కుంటూ వచ్చింది ఆయనే. అమ్మ దాచుకున్న గాజుసీసా పగలగొట్టిన పిల్లవాడు మంచం కింద దూరతాడు. అమ్మ ఇంట్లోనే ఉంది, పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. వాడికి మాత్రం ఆ ఇల్లు ఒక్కసారిగా పరాయిదైపోయింది. ఈ దూరానికి గజాలూ మైళ్లూ ఉండవు. బాగున్న సంబంధం జబ్బుపడింది, అంతే. అందుకే క్రైస్తవులు తొలినుంచీ పాపం గురించి న్యాయస్థానం భాషతోపాటు వైద్యశాల భాష కూడా మాట్లాడారు. రెండో శతాబ్దం మొదట్లో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్‌ను మరణశిక్ష కోసం రోముకు తీసుకుపోతున్నారు. దారిలో ఆయన సంఘాలకు ఉత్తరాలు రాశాడు. వాటిలో క్రీస్తును వైద్యుడన్నాడు. ప్రభురాత్రి భోజనంలో విరిచే రొట్టెను మందు అన్నాడు. చావుకు నడిచి వెళుతున్న మనిషి నోట ఆ మాట వచ్చింది. ఆ మందు ఒంటి జబ్బుకు కాదని వేరే చెప్పక్కర్లేదు.

సరే, దూరం దూరం అంటున్నాం. ఆ దూరం కళ్లకు కట్టే చోటు లేవీయకాండం 13, 14 అధ్యాయాలు. చదవడం కష్టం. ఆదివారం ప్రసంగాల్లో వీటి జోలికి పోయేవారూ తక్కువే. ఒంటిమీద అనుమానపు మచ్చ కనిపించినవాణ్ణి యాజకుడి దగ్గరకు తీసుకురావాలి. యాజకుడు మచ్చ చూస్తాడు. అక్కడి వెంట్రుక తెల్లబడిందా అని చూస్తాడు. తేలకపోతే ఏడు రోజులు విడిగా ఉంచి మళ్లీ చూస్తాడు. కుష్ఠు అని తేలితే ఆ మనిషి చినిగిన బట్టలే వేసుకోవాలి. తల విరబోసుకోవాలి. పైపెదవి కప్పుకోవాలి. తాను అపవిత్రుణ్ణని తానే కేకవేసి చెప్పుకోవాలి. పాళెం వెలుపల, అంటే జనం గుడారాలు వేసుకున్న విడిది బయట, ఒంటరిగా బతకాలి. ఇప్పుడు మనం కుష్ఠు అంటున్న వ్యాధి ఒక్కటే కాదు, రకరకాల చర్మరోగాలు ఆ లెక్కలోకి వచ్చాయని పండితులంటారు. ఆ సంగతి అలా ఉంచండి. బట్టలు చింపుకోవడం, తల విరబోసుకోవడం ఆ రోజుల్లో చావు ఇంటి గుర్తులు. అంటే ఆ మనిషి బతికుండగానే తన చావుకు తానే ఏడవాలన్నమాట.

ఇక్కడితో ఆపేస్తే చాలా కర్కశమైన చట్టం అనిపిస్తుంది. ఆపకూడదు. తర్వాతి అధ్యాయం కూడా చదవాలి. రోగం తగ్గినా అతను తనంతట లోపలికి రాకూడదు. కాబట్టి యాజకుడే పాళెం దాటి బయటికి వెళ్లాలి. రెండు పక్షులను తెస్తారు. ఒకదాన్ని మంచినీళ్లు పోసిన మట్టిపాత్ర మీద చంపుతారు. రెండోదాన్ని ఆ రక్తంలో ముంచి, బయలులోకి ఎగరనిస్తారు. మనిషి బట్టలు ఉతుక్కుంటాడు, వెంట్రుకలన్నీ గొరిగించుకుంటాడు, స్నానం చేస్తాడు. పాళెంలోకి వస్తాడు గానీ, ఏడు రోజులు తన గుడారం బయటే ఉంటాడు. ఎనిమిదో రోజున యాజకుడు బలిరక్తం తీసి అతని కుడిచెవి కొనకు పెడతాడు. కుడిచేతి బొటనవేలికి పెడతాడు. కుడికాలి బొటనవేలికి పెడతాడు. ఆ పైన అవే చోట్ల నూనె రాస్తాడు. మిగిలిన నూనె అతని తలమీద అంటుతాడు. సరిగ్గా ఇలాంటిదే ఇదే గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో ఒకసారి జరిగింది. అహరోనును ప్రధాన యాజకుడిగా, అతని కొడుకులను యాజకులుగా ప్రతిష్ఠించిన రోజున. అదే కుడిచెవి, అవే బొటనవేళ్లు, తలమీద నూనె. నిన్నటిదాకా పాళెం బయట కేకలు వేసినవాడికీ, దేవుడి సన్నిధిలోకి వెళ్లే ప్రధాన యాజకుడికీ ఒకే మర్యాద! బీదవాడైతే మూడు గొర్రెపిల్లలు అక్కర్లేదు, ఒకటీ రెండు గువ్వలూ చాలు అని కూడా ఉంది. మచ్చ తగ్గడమే స్వస్థత అయితే ఇంత తతంగం దేనికి? మచ్చ ఎప్పుడో తగ్గింది. యాజకుడు బయటికి వెళ్లి చూసేది తగ్గిన ఒంటినే. కానీ మనిషి ఇంకా బయటే ఉన్నాడు. లోపలికి వచ్చి తనవాళ్ల మధ్య, దేవుడి ముందు నిలబడ్డప్పుడే అతను బాగుపడ్డట్టు.

ఇది మనసులో పెట్టుకుని మార్కు సువార్త మొదటి అధ్యాయానికి రండి. గలిలయలో ఒక కుష్ఠరోగి యేసు ముందు మోకరించాడు. నీకు ఇష్టమైతే నన్ను బాగుచేయగలవన్నాడు. శక్తి ఉందా అని అతను అడగలేదు. ఇష్టముందా అన్నదే అతని అనుమానం. తనను చూసి జనం పక్కకు తొలగడం అలవాటైనవాడి అనుమానం అది. యేసు కనికరపడి, చెయ్యి చాపి అతణ్ణి ముట్టుకున్నాడు. బాగుపడమన్న మాట ఆ తర్వాత వచ్చింది. అంటే ముట్టుకునేటప్పటికి రోగం ఇంకా ఒంటిమీదే ఉంది. శతాధిపతి సేవకుణ్ణి యేసు కంటితో చూడకుండానే, ఒక్క మాటతో, దూరం నుంచే బాగుచేసినట్టు మత్తయి సువార్త చెబుతుంది. కాబట్టి రోగం పోవడానికి ఆ చెయ్యి అక్కర్లేదు. ఎడబాటు పోవడానికి కావాలి. తర్వాత అతణ్ణి యాజకుడికి కనపడమనీ, మోషే చెప్పిన కానుక ఇవ్వమనీ పంపాడు. ధర్మశాస్త్రాన్ని కొట్టిపారేయలేదు. ఆ నూనె, ఆ మర్యాద అతనికి దక్కాలి. అందరి ఎదుటా ఊరు అతణ్ణి లోపలికి తీసుకోవాలి.

ఈ కథకు మార్కు పెట్టిన ముగింపు చాలామంది గమనించకుండా దాటిపోతారు. ఎవరికీ చెప్పవద్దంటే, బాగుపడ్డవాడు ఊరంతా చాటాడు. దాంతో యేసు ఊళ్లోకి బాహాటంగా రాలేకపోయాడు. బయట, మనుషులు లేని చోట్ల ఉండిపోయాడు. కథ మొదట్లో ఊరి బయట ఉన్నది ఎవరు? రోగి. చివర్లో బయట ఉన్నది ఎవరు? వైద్యుడు. ఇద్దరి చోట్లూ మారిపోయాయి. మార్కు దీనిమీద ఒక్క ముక్క వ్యాఖ్యానం చేయలేదు. కానీ అదే సువార్త పదిహేనో అధ్యాయంలో యేసును ఊరి బయటికి, గొల్గొతాకు తీసుకుపోయి సిలువ వేశారు. దేవుడు తన చెయ్యి విడిచిపెట్టాడని ఆయన బిగ్గరగా మొరపెట్టాడు. ఎడబాటు అనే ఆ చీకటి గదిలోకి ఆయనే వెళ్లాడు. సిలువ గురించి క్రైస్తవులు చెప్పే మాటలన్నిటిలో నాకు అన్నిటికన్నా లోతుగా కనిపించేది ఇదే. హెబ్రీయులకు రాసిన పత్రిక కూడా చివర్లో ఈ చోటునే పట్టుకుంది. ఆయన బాధపడింది ఊరి గుమ్మం వెలుపల అని గుర్తుచేసి, చదివేవారిని కూడా పాళెం దాటి ఆయన దగ్గరకు రమ్మంటుంది.

న్యాయస్థానం భాషే అసలైనదని వాదించే పెద్దలున్నారు. పదకొండో శతాబ్దపు చివర్లో వేదాంతి ఆన్సెల్మ్, దేవుడు మనిషిగా ఎందుకు వచ్చాడన్న ప్రశ్న మీద ఒక గ్రంథం రాశాడు. అందులో పాపాన్ని దేవుడికి చెల్లించవలసిన గౌరవం ఎగ్గొట్టడంగా, ఒక బాకీగా చూశాడు. ఆ వాదానికి బలముంది. తప్పుకు బరువుంటుందని అది మరిచిపోనివ్వదు. కానీ ముద్దాయిని విడుదల చేసిన జడ్జి అతణ్ణి మళ్లీ ఎన్నడూ చూడకపోవచ్చు. చూడవలసిన పనీ లేదు. సువార్తల్లో క్షమాపణ అక్కడ ఆగదు. అది భోజనాల బల్ల దాకా వస్తుంది. సుంకరులతో, పాపులని పేరుపడ్డవాళ్లతో కలిసి భోంచేస్తున్నాడన్నదే యేసు మీద మాటిమాటికీ వచ్చిన ఫిర్యాదు.

ఇంతకంటే గట్టి ఆక్షేపణ ఇంకొకటి ఉంది. పాపాన్ని రోగంతో ముడిపెడితే, రోగిని పాపి అన్నట్టు కాదా? ఏ జన్మలో ఏ పాపం చేశాడో అనే మాట మన ఊళ్లలో ఎవరి నోటనైనా ఇట్టే వస్తుంది. యేసు శిష్యులు కూడా అలాగే అడిగారు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డిని చూసి, పాపం చేసింది ఇతనా, ఇతని కన్నవాళ్లా అన్నారు. ఇతనూ కాదు, కన్నవాళ్లూ కాదు అని యేసు ఆ ప్రశ్ననే కొట్టేశాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ పాపులేమీ కాదన్నాడు. కపెర్నహూములో పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చి ఇంటికప్పు విప్పి దించినప్పుడు, ముందు పాపాలు క్షమించాడు, తర్వాత నడిపించాడు. నిజమే. అయితే నీ పాపంవల్లే కాళ్లు పడిపోయాయని అక్కడ అతనితో అనలేదు. మనిషికి రెండు కష్టాలున్నాయి, రెండింటినీ చూశాడు. ఇక ఆ పుట్టుగుడ్డి సంగతి చివరిదాకా చదవండి. చూపు వచ్చిందని చెప్పుకున్న పాపానికి పెద్దలు అతణ్ణి వెలివేశారు. ఆ సంగతి విని యేసు అతణ్ణి వెతుక్కుంటూ వెళ్లాడు. కళ్లు వచ్చాయి గదా, పని అయిపోయిందనుకోలేదు. వెలిపడ్డ మనిషి మళ్లీ దొరకాలి. మళ్లీ అదే మాట చెబుతున్నాను. స్వస్థత అంటే కలవడం.

మరి అన్యాయం చేసినవాడు దేవుడితో కలిసిపోతే, అన్యాయానికి గురైనవాడి గతేమిటి? ఈ ప్రశ్న అడిగేవారంటే నాకు గౌరవం. చర్చిలో కన్నీళ్లు పెట్టుకుని, బయటికొచ్చి కూలివాడి డబ్బులు ఎగ్గొట్టేవాళ్లను చూసి విసిగినవాళ్లు అడిగే ప్రశ్న ఇది. యెరికోలో జక్కయ్య పన్నుల గుత్తేదార్లకు పెద్ద. యేసు అతని ఇంటికి వెళ్లాడు. జక్కయ్య ప్రార్థన చేశాడని లూకా రాయలేదు. సగం ఆస్తి బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదుంటే నాలుగింతలు తిరిగి ఇస్తాననీ లేచి నిలబడి చెప్పాడని రాశాడు. ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్న మాట దాని తర్వాతే ఉంది. ఎడబాటు మనుషుల మధ్యకూ పాకింది గనుక, కలయిక కూడా మనుషుల మధ్య జరగాలి. జక్కయ్య విషయంలో అది డబ్బు లెక్కబెట్టి వాపసు ఇవ్వడం. వేరే దారి లేదు.

ఇక బాగుపడనివాళ్ల మాట. మన దగ్గర స్వస్థత సభలకు వేలమంది వస్తారు. ఆశతో వస్తారు, కొందరు జబ్బుతోనే తిరిగి వెళతారు. నీకు విశ్వాసం చాలలేదని వాళ్లతో అనేవాళ్లుంటారు. అది క్రూరమైన మాట, బైబిలు ప్రకారం నిలవని మాట కూడా. అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ఒక ముల్లు ఉందన్నాడు, తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. అది పోలేదు. కృప చాలునన్న జవాబు వచ్చింది. తన సహచరుడు తిమోతికి తరచూ జబ్బు చేస్తుంటే కడుపు కోసం కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా రాశాడు. ఇంకో సహచరుడు త్రోఫిము రోగంతో ఉంటే మిలేతులో వదిలి రావలసివచ్చింది. వీళ్లలో ఎవరికి విశ్వాసం చాలలేదంటారు? ఒళ్లు బాగుపడకపోయినా పౌలు దేవుడికి దూరంగా లేడు. సంఘానికీ దూరంగా లేడు. పాపమంటే ఎడబాటు అన్న మాటకు ఇదే అసలు పరీక్ష. ఒంటి జబ్బు మిగిలిపోయినా ఎడబాటు పోవచ్చు.

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. జబ్బు పోతుంది, ఎడబాటు మిగిలిపోతుంది. క్రైస్తవ సంఘం చరిత్రలోనే ఇందుకు రుజువులున్నాయి. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న కైసరియలో బిషప్ బేసిల్ రోగుల కోసం, బీదల కోసం పెద్ద ఆశ్రమం కట్టించాడు. కుష్ఠరోగులను ఆయన ముద్దుపెట్టుకుని పలకరించేవాడని స్నేహితుడు గ్రెగొరీ సంస్మరణ ప్రసంగంలో చెప్పాడు. బాగుంది. కానీ 1179లో రోములో జరిగిన లాటరన్ మహాసభ, ఆరోగ్యవంతులతో ఒకే గుడి వాడుకోలేని కుష్ఠరోగులకు వేరే గుడి, వేరే శ్మశానం ఉండవచ్చని తీర్మానించింది. దయతో చేసిన పనే. ఆ దయ గోడను ఇంకాస్త గట్టిపరచింది. మన దేశంలో కులం పేరుతో బెంచీలు, సమాధుల తోటలు వేరుచేసుకున్న క్రైస్తవ సంఘాలను చూస్తే ఆ గోడ ఎంత మొండిదో తెలుస్తుంది. యేసు నిలబడ్డ చోటు గోడకు అవతలివైపు. ఆ సంగతి మరిచిన సంఘం ఎన్ని స్వస్థత ప్రార్థనలు చేసినా పాపం గురించి అర్థం చేసుకున్నది తక్కువే.

తెలుగు నేల మీద ఈ కథ మన పక్కనే నడిచింది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో, రాజా నర్సా గౌడ్ అనే హిందూ దాత ఇచ్చిన డబ్బుతో, స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠరోగుల ఆసుపత్రి మొదలుపెట్టింది. అప్పటికి ఆ రోగానికి నమ్మకమైన మందు లేదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొన్ని మందులు కలిపి ఇచ్చే చికిత్సను సిఫారసు చేసింది. రోగానికి మందు దొరికింది. అయినా కుష్ఠు ఉందన్న కారణంతో భర్తనో భార్యనో వదిలించుకునే వీలు మన చట్టాల్లో 2019 దాకా ఉండిపోయింది. ఆ ఏడాది పార్లమెంటు ఐదు చట్టాల్లోంచి ఆ మాట తీసేసింది. ఆ ఐదింటిలో క్రైస్తవుల విడాకుల చట్టం ఒకటి. మందు వచ్చాక దాదాపు నలభై ఏళ్లు పట్టిందన్నమాట. క్రిమి తేలిగ్గా చచ్చింది, దూరం చావలేదు.

కాబట్టి శ్రోతలారా, ఒంటిమీద ఎక్కడైనా స్పర్శ తెలియని, రంగు తగ్గిన మచ్చ కనిపిస్తే దాచుకోకండి. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. మందులు ఉచితం. తీవ్రతను బట్టి ఆరు నెలలు, లేకపోతే ఏడాది వాడాలి. మందు వాడుతున్నవారు, వాడి బాగుపడ్డవారు మీ సంఘంలో ఉంటే, ఈసారి ప్రభురాత్రి భోజనానికి వాళ్లను వెనక వరసలో కూర్చోబెట్టకండి. పిలిచి, మీ పక్కన చోటివ్వండి.